ఆ గేటు తాళం తీద్దాం

గత వేసవిలో మా కన్ఫర్మేషన్ క్లాసు పిల్లల్ని చర్చి గంట ఉన్న గోపురం మీదికి తీసుకెళ్లాను. 13, 14 ఏళ్ల వయసు పిల్లలు 11 మంది. మాది పాత చర్చి. గంట దగ్గరికి చేరాలంటే 72 మెట్లు ఎక్కాలి. ఆ గంటను దగ్గర నుంచి చూపించి, అది ఎవరిని పిలవడానికి మోగుతుందో వాళ్లకు చెప్పాలనుకున్నాను. 40వ మెట్టు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే నా వెనుక నలుగురే ఉన్నారు. మిగతా ఏడుగురూ కింద మలుపులో చతికిలబడి ఆయాసపడుతున్నారు. మోకాలి నొప్పితో బాధపడే 56 ఏళ్ల నేనే కిందికి దిగి వాళ్లకు మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది. ‘అయ్యగారూ, మీరు వెళ్లి ఫోన్‌లో ఫొటో తీసుకురండి, ఇక్కడే చూస్తాం’ అన్నాడు వాళ్లలో ఒక అబ్బాయి.

అందరం నవ్వేశాం. కాసేపటికి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ‘చివరిసారి ఎప్పుడు పరుగెత్తావు బాబూ?’ అని అడిగాను. ‘బస్సు కోసమా అయ్యగారూ?’ అన్నాడు. ‘కాదు, ఆటలో’ అన్నాను. చాలాసేపు ఆలోచించి, ‘ఆరో తరగతిలో’ అన్నాడు. వాడిప్పుడు తొమ్మిదో తరగతి!

వాడి దినచర్య అడిగి తెలుసుకున్నాను. ఉదయం 5 గంటలకు లేచి ట్యూషన్. ఏడున్నరకు స్కూలు బస్సు. బడి అయ్యాక స్టడీ అవర్. ఇంటికొచ్చేసరికి రాత్రి ఏడున్నర. హోంవర్కు పూర్తయ్యాక నిద్రపట్టేదాకా ఫోను. బడికి ఆటస్థలం లేదు, వాళ్లుండే అపార్ట్‌మెంట్‌లో బంతి ఆడితే వాచ్‌మన్ ఊరుకోడు. మరి ఆదివారం? ఉదయం సండేస్కూల్లో కూర్చుంటాడు, తర్వాత ఆరాధనలో కూర్చుంటాడు, మధ్యాహ్నం నా కన్ఫర్మేషన్ క్లాసులో కూర్చుంటాడు. ఆరు రోజులు బడి కూర్చోబెట్టిన పిల్లవాణ్ణి ఏడో రోజు చర్చి కూర్చోబెడుతోంది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఈ విషయంలో మొదటి దోషిని నేనే. మా చర్చి ఆవరణలో ఒకప్పుడు వేపచెట్ల నడుమ కొంత ఖాళీ స్థలం ఉండేది. సాయంత్రమైతే చుట్టుపక్కల పిల్లలంతా చేరి వాలీబాల్, క్రికెట్ ఆడుకునేవారు. పదేళ్ల కిందట ఒక సాయంత్రం బంతి తగిలి చర్చి కిటికీ రంగుటద్దం పగిలింది. ఒక కుటుంబం తమ తండ్రిగారి జ్ఞాపకార్థం పెట్టించిన అద్దమది. కమిటీ సమావేశంలో పెద్దలు మండిపడ్డారు. ఆ పిల్లల పక్షాన నేను ఒక్కమాట కూడా మాట్లాడలేదు. పైగా ఆ ఆదివారం ప్రసంగంలో ‘దేవుని మందిరం ఆటస్థలం కాదు’ అని గట్టిగా చెప్పి, సోమవారం గేటుకు తాళం వేయించాను. తర్వాత ఆ స్థలంలో సిమెంటు పలకలు పరిపించి వాహనాలు నిలిపే చోటుగా మార్చాం. వారంలో 6 రోజులు అది ఖాళీగానే ఉంటుంది.

కిటికీకి కొత్త అద్దం మూడు నెలల్లో వచ్చింది. పిల్లలు మాత్రం తిరిగి రాలేదు. వాళ్లలో చాలామంది ఆ తర్వాత ఆరాధనకు రావడం కూడా మానేశారు. వాళ్ల విశ్వాసం బలహీనమైనదని నన్ను నేను సమాధానపరచుకున్నాను. కాని నేను మూసిన గేటు ఒక్క ఆటస్థలానిది మాత్రమే కాదని ఇన్నేళ్లకు, ఆ గోపురం మెట్ల మీద నాకు అర్థమైంది.

యేసుక్రీస్తు బాల్యం గురించి సువార్తలు చెప్పే సంగతులు బహు కొద్ది. ఆ కొద్దిలోనే ఆయన 12 ఏళ్ల వయసు నాటి సంఘటన ఒకటి ఉంది (లూకా 2:41–52). తల్లిదండ్రులతో కలిసి పస్కా పండుగకు నజరేతు నుంచి యెరూషలేముకు వెళ్లాడాయన. దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడిగిన బాలయేసును గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం, చెప్పాం. అక్కడికి ఆయన ఎలా చేరాడో ఎప్పుడైనా ఆలోచించామా? నజరేతుకు, యెరూషలేముకు మధ్య దూరం 100 కిలోమీటర్లకు పైమాటే. కొండలు, లోయలు, ఎండ, దుమ్ము. బంధువులు, ఇరుగుపొరుగు అంతా గుంపుగా కలిసి సాగే ప్రయాణం. తిరుగు ప్రయాణంలో ఒక దినమంతా నడిచాక గాని కొడుకు తమతో లేడని తల్లిదండ్రులకు తెలియలేదంటే, ఆ గుంపులో పిల్లలు ఎంత స్వేచ్ఛగా నడిచేవారో ఊహించుకోవచ్చు. బోధకులను ఆశ్చర్యపరిచిన ఆ జ్ఞానం, రోజుల తరబడి నడవగల కాళ్ల మీద దేవాలయానికి వచ్చింది!

ఆ అధ్యాయం చివరి వచనంలో యేసు నాలుగు విషయాల్లో వర్ధిల్లినట్టు లూకా రాశాడు. మొదటిది జ్ఞానం. రెండోదాన్ని మన తెలుగు బైబిలు ‘వయస్సు’ అంటుంది. అక్కడ గ్రీకు మూలంలో ఉన్న మాట ‘హెలికియ’. ఆ మాటకు వయసు అనే అర్థంతోపాటు శరీరపు ఎదుగుదల, ఎత్తు అనే అర్థం కూడా ఉంది. జక్కయ్య పొట్టివాడని చెప్పడానికి లూకా వాడింది ఈ మాటనే (లూకా 19:3). అంటే దేవుని కుమారుడి శరీరం ఎదగడం కూడా సువార్తలో చోటు దక్కించుకున్న విషయమే. ఆ తర్వాతివి దేవుని దయ, మనుష్యుల దయ. ఈ నాలుగింటిలో మన పిల్లలకు జ్ఞానం కోసం ట్యూషన్ పెట్టించాం, దేవుని దయ కోసం సండేస్కూలు నడుపుతున్నాం. శరీరాన్ని మాత్రం గాలికి వదిలేశాం. దానికి అన్నం పెడితే చాలు, దానంతటదే ఎదుగుతుందనుకుంటున్నాం.

ఇలా అంటే కొందరు విశ్వాసులు వెంటనే చూపించే వచనం ఒకటుంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో (4:8) శరీర సాధన ప్రయోజనం కొంచెమేనని, దైవభక్తి అన్ని విషయాల్లోనూ ప్రయోజనకరమని పౌలు చెప్పాడు. నేనూ ఈ వచనాన్ని ఆటలకు వ్యతిరేకంగా వాడిన రోజులున్నాయి. అయితే పౌలు ‘కొంచెం’ అన్నాడు, ‘శూన్యం’ అనలేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అక్కడ ఆయన శరీర సాధనకు వాడిన గ్రీకు మాట ‘గుమ్నాసియ’. మనం ‘జిమ్’ అంటున్నది ఆ వేరు నుంచి వచ్చిన మాటే. సరిగ్గా దాని ముందు వచనంలో, దైవభక్తి విషయంలో సాధకం చేసుకొమ్మని తిమోతికి చెప్పడానికీ ఆయన అదే వేరు నుంచి వచ్చిన క్రియను వాడాడు. సాధన అంటే ఏమిటో బొత్తిగా తెలియని పిల్లవాడికి ఆ పోలిక ఏం అర్థమవుతుంది? రెండేళ్లకోసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగే ప్రాంతానికి దగ్గరలో ఉన్న కొరింథు సంఘానికి రాస్తూ, పరుగు పందెం గురించీ, మల్లయోధుల మితానుభవం గురించీ పౌలు మాట్లాడాడు (1 కొరింథీ 9:24–27). వాళ్లు ఆ పందేలు చూసినవాళ్లు గనుక వాళ్లకు అది అర్థమైంది.

మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమన్న సత్యాన్ని కూడా (1 కొరింథీ 6:19) మనం సగమే బోధిస్తున్నాం. పొగ తాగవద్దు, మద్యం ముట్టవద్దు, వ్యభిచారానికి దూరంగా ఉండండి అని చెబుతాం. చెప్పాల్సిందే. కాని ఆలయాన్ని అపవిత్రం చేయకపోతే సరిపోతుందా? తలుపులు మూసేసి, బూజు పట్టించి, గోడలు నెర్రెలిచ్చేదాకా పట్టించుకోకపోవడం కూడా ఆలయాన్ని నిర్లక్ష్యం చేయడమే కదా!

పరిస్థితి ఎంతవరకు వచ్చిందో లెక్కలు కూడా చెబుతున్నాయి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలైనా, కాస్త చెమట పట్టి ఊపిరి వేగం పెరిగేలా కదలాలని, వారంలో కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలమిచ్చే పనులు అందులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 146 దేశాల్లో బడికెళ్లే 11–17 ఏళ్ల పిల్లల గురించి 2016 వరకు ఉన్న వివరాలతో జరిపిన అధ్యయనం 2019లో లాన్సెట్ వారి వైద్య పత్రికలో వచ్చింది. ఆ పిల్లల్లో 81 శాతం మంది ఆపాటి కూడా కదలడం లేదని అందులో తేలింది. మన దేశంలో 2016–18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, 10–19 ఏళ్ల వారిలో దాదాపు 10 శాతం మంది మధుమేహానికి ముందు దశలో ఉన్నట్టు బయటపడింది. అంటే పదిమంది పిల్లల్లో ఒకరు! మా క్లాసులో 11 మంది ఉన్నారు. వాళ్లలో ఆ ఒక్కరు ఎవరై ఉంటారా అని నేను వాళ్ల ముఖాలు చూస్తూ ఉండిపోయిన రోజుంది. ఎముక గట్టిపడేది ముఖ్యంగా ఈ వయసులోనే. ఇప్పుడు గెంతని, పరుగెత్తని పిల్లలు 50 ఏళ్లకు ఆ అప్పు వడ్డీతో సహా తీర్చాల్సి వస్తుంది.

ఆటలనగానే లోకసంబంధమైనవని ముఖం తిప్పుకునేవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. వారు మన సొంత చరిత్రను ఒకసారి తిరగేస్తే మంచిది. 1844లో లండన్‌లో బట్టల దుకాణంలో పనిచేసే జార్జి విలియమ్స్ అనే యువకుడు, తోటి పనివాళ్లతో కలిసి ప్రార్థన కోసం, బైబిలు పఠనం కోసం ప్రారంభించిందే వై.ఎం.సి.ఎ. చలికాలంలో నాలుగు గోడల మధ్య విసిగిపోతున్న కుర్రాళ్ల కోసం 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో బాస్కెట్‌బాల్‌ను రూపొందించిన జేమ్స్ నైస్మిత్ వేదాంతవిద్య చదివినవాడు. పండ్ల బుట్టలు రెండు గోడకు కొట్టి ఆ ఆట మొదలుపెట్టాడు. నాలుగేళ్లకు, 1895లో, హోల్యోక్ వై.ఎం.సి.ఎ.లో విలియం మోర్గాన్ వాలీబాల్‌ను తయారుచేశాడు. ఈనాటికీ మన పల్లెల్లో సాయంత్రం వల కట్టి ఆడుకునే ఆట, మా ఆవరణలో నేను ఆపించిన ఆట, ప్రార్థనా సహవాసపు నీడలో పుట్టినదే!

1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ వై.ఎం.సి.ఎ. తరఫున వ్యాయామ విద్యా కళాశాలను ప్రారంభించాడు. ఇప్పటికీ అది చెన్నైలో నడుస్తోంది. ఆనాడు మద్రాసు రాష్ట్రంలో భాగమైన మన ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడ శిక్షణ పొందినవారు మన బడుల్లో డ్రిల్లు మాస్టార్లయ్యారు. బక్ 1924 పారిస్ ఒలింపిక్స్‌కు భారత జట్టుకు మేనేజరుగా కూడా వెళ్లాడు.

అవే ఒలింపిక్స్‌లో పరుగెత్తిన స్కాట్లండ్ యువకుడు ఎరిక్ లిడెల్ గురించి మన ప్రసంగాల్లో తరచూ చెబుతుంటాం. 100 మీటర్ల పరుగు తొలి పోటీలు ఆదివారం పడ్డాయని ఆ పందెం వదులుకున్నాడు. తనది కాని 400 మీటర్ల పరుగులో 47.6 సెకన్లతో బంగారు పతకం గెలిచాడు. ఆ మరుసటి ఏడాదే మిషనరీగా చైనా వెళ్లిపోయాడు. మన ప్రసంగాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. ఆదివారం ఆటలాడకూడదని చెప్పడానికి ఆయన్ను సాక్షిగా నిలబెట్టి ముగిస్తాం. నేనూ అలాగే ముగించేవాణ్ణి.

కాని ఆయన కథలో చివరి అధ్యాయం వేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, జపాన్ సైన్యం ఆయన్ను వైషియెన్ అనే నిర్బంధ శిబిరంలో పెట్టింది. తల్లిదండ్రులకు దూరమైన బడిపిల్లలు ఎందరో అక్కడ ఉన్నారు. లిడెల్ వాళ్లకు పాఠాలు చెప్పాడు, బైబిలు నేర్పాడు, ఆటలు ఆడించాడు, విరిగిన హాకీ కర్రలను బాగుచేసి ఇచ్చాడు. ఆదివారం మాత్రం ఆటలు లేవు. అయితే ఒక ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీకి దిగి, అదుపుచేసేవారు లేక చివరికి కొట్టుకున్నారు. ఆ తర్వాత లిడెల్ ఏం చేశాడో ఆ శిబిరంలో పెరిగినవారు తమ జ్ఞాపకాల్లో రాశారు. ఆయనే ఆదివారం మైదానంలోకి వచ్చి రిఫరీగా నిలబడ్డాడు! తన కోసం ఒలింపిక్ పందేన్ని వదులుకున్న మనిషి, పిల్లల కోసం తన నియమాన్ని సడలించాడు. విశ్రాంతి దినం మనుషుల కోసమే నియమించబడిందన్న ప్రభువు బోధ (మార్కు 2:27) ఆయనకు అలా అర్థమైంది. 1945 ఫిబ్రవరిలో, 43 ఏళ్ల వయసులో, మెదడులో కణితితో ఆ శిబిరంలోనే ఆయన ప్రభువును చేరుకున్నాడు.

ఆదివారం ఆరాధన మానేసి ఆటకు పొమ్మని నేను ఎవరికీ చెప్పడం లేదు. ఆరాధన స్థానం ఆరాధనదే. కాని పిల్లలు ఎక్కడ ఉన్నారో అక్కడికి వెళ్లి నిలబడే పెద్దవాళ్లు మన సంఘాల్లో ఎంతమంది ఉన్నారు? 13 ఏళ్ల పిల్లవాడికి ‘పోయి ఆడుకో’ అని చెబితే వెళ్లడు. ‘రా, ఆడుకుందాం’ అంటే వస్తాడు.

ఆడపిల్లల సంగతి మరీ బాధాకరం. లాన్సెట్ అధ్యయనంలోనూ చాలినంత కదలిక లేని అబ్బాయిలు 78 శాతమైతే, అమ్మాయిలు 85 శాతం. మన ఇళ్లల్లో అమ్మాయి పెద్దమనిషి అయిందనగానే ఆటలు ఆగిపోతాయి. ఎండకు నల్లబడుతుందని, నలుగురూ చూస్తారని అంటాం. జెకర్యా ప్రవక్త, దేవుడు తిరిగి కట్టబోయే యెరూషలేమును వర్ణిస్తూ చెప్పిన గురుతులు చూడండి (8:4–5). కర్ర పట్టుకున్న వృద్ధులు వీధుల్లో నిశ్చింతగా కూర్చుంటారు. ఆ వీధుల నిండా ఆడుకునే పిల్లలుంటారు. బాలురని మాత్రమే చెప్పి ప్రవక్త ఊరుకోలేదు, బాలికలను కూడా చెప్పాడు! ఆడపిల్లలు వీధిలో భయం లేకుండా ఆడుకోగలగడం దేవుడు ఆ పట్టణానికి తిరిగి వచ్చాడనడానికి గురుతు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కేనాటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు. వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి కొండ మీద ఆమె సాధన మొదలైంది. మన అమ్మాయిలంతా ఎవరెస్టు ఎక్కనక్కరలేదు. చర్చి గోపురం మెట్లు నవ్వుతూ ఎక్కగలిగితే చాలు.

‘ఆటలాడితే మార్కులెవరిస్తారు అయ్యగారూ?’ అని తల్లిదండ్రులు నన్ను అడుగుతారు. వాళ్ల భయం నాకు తెలుసు. చదువు ఒక్కటే మన ప్రజల్ని పేదరికం నుంచి, అవమానం నుంచి బయటికి లాగింది. ఆ చదువును నేను తక్కువ చేయను. అయితే శరీరం చురుగ్గా ఉన్న పిల్లలకు నిద్ర బాగా పడుతుంది, మనసు పాఠం మీద నిలుస్తుంది, దిగులు తగ్గుతుంది. గంటసేపు ఆట చదువు నుంచి దొంగిలించిన సమయం కాదు. దొంగ నిజానికి రాత్రి దుప్పటి కింద వెలిగే ఫోను! మరో మాట కూడా చెప్పాలి. మన సంఘాల్లోనే కొందరు పిల్లలు బడి తర్వాత హోటళ్లలో, పొలాల్లో, ఇటుక బట్టీల్లో ఒళ్లు వంచి పనిచేస్తున్నారు. వాళ్లకు వ్యాయామం గురించి బోధించడం సిగ్గుచేటు. వాళ్లకు కావలసింది విశ్రాంతి, కడుపునిండా అన్నం, ఇంత ఆటవిడుపు. అది కూడా సంఘం బాధ్యతే.

మరి ఏం చేద్దాం? పెద్ద ఖర్చులేమీ అక్కరలేదు. చర్చి ఆవరణను వారంలో నాలుగు సాయంత్రాలు పిల్లలకు తెరుద్దాం. ఇద్దరు పెద్దలు, అమ్మాయిలున్నప్పుడు తప్పనిసరిగా ఒక స్త్రీ, అక్కడ ఉండేలా వంతులు వేసుకుందాం. ఎండలు ముదిరినప్పుడు తెల్లవారుజామునే ఆడిద్దాం. వి.బి.ఎస్. పది రోజుల్లో చేసే సందడిని ఏడాది పొడవునా కొనసాగిద్దాం. దగ్గరలో ఉన్న కుటుంబాలు ఆరాధనకు పిల్లలతో కలిసి నడిచి రావచ్చు. ఆట వచ్చినవాళ్లనే ఆడించి, రానివాళ్లను గట్టు మీద కూర్చోబెట్టకూడదు. లావుగా ఉన్న పిల్లల్ని ఎగతాళి చేసే మాట ఒక్కటి కూడా ఆ ఆవరణలో వినిపించకూడదు. ఆ ఒక్క మాట పిల్లవాణ్ణి ఏళ్ల తరబడి మైదానానికి దూరం చేస్తుంది. ఉబ్బసంలాంటి జబ్బులున్నవారిని వైద్యుణ్ణి అడిగి, వాళ్లకు తగిన ఆటే ఆడిద్దాం. ఎవరి శరీరమైనా దేవుడిచ్చిందే. పక్కవాడి శరీరంతో దాన్ని పోల్చే పని లేదు.

మా కమిటీలో ఈ విషయం పెట్టినప్పుడు వాదన గట్టిగానే జరిగింది. పదేళ్ల కిందట నేను చేసింది తప్పని ముందుగా ఒప్పుకున్నాను. అద్దం పగిలితే ఎవరు పెట్టిస్తారని ఒక పెద్దాయన అడిగారు. నా జీతంలోంచి ఇస్తానన్నాను. ఆయనకు ఇప్పటికీ ఇది ఇష్టం లేదు. అయినా తన మనవరాలిని మాత్రం పంపిస్తున్నారు. రెండు నెలలుగా సాయంత్రాలు మా గేటు తెరిచే ఉంటోంది. కిటికీలకు వల కట్టించాం. మొదటి వారం ఆరుగురు వచ్చారు, ఇప్పుడు 20 మంది దాకా వస్తున్నారు. చర్చికి రాని ఇళ్ల పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్లను నేను ఏమీ అడగడం లేదు. పాత కుర్రాళ్లలో ఒకడు, ఇప్పుడు ఉద్యోగస్థుడు, ఒక సాయంత్రం బైకు ఆపి గేటు దగ్గర నిలబడి చూశాడు. లోపలికి రమ్మన్నాను. ‘మళ్లీ వస్తాను అయ్యగారూ’ అని వెళ్లిపోయాడు. అతని కోసం ఎదురుచూస్తున్నాను.

ఫొటో తెమ్మన్న అబ్బాయి ఇప్పుడు వారంలో మూడు రోజులు వస్తున్నాడు. తొందరగా అలసిపోతాడు, కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. వచ్చే ఈస్టరు నాడు తెల్లవారుజామున అందరం కలిసి ఆ 72 మెట్లు ఎక్కి, మా చేతులతోనే గంట మోగించాలని పిల్లలూ నేనూ ఒప్పందం చేసుకున్నాం. అప్పటికి నా మోకాలు కూడా సహకరించాలని ప్రార్థించండి.

ప్రియ సహోదరులారా, మీ ఊళ్లోనూ ఒక చర్చి ఆవరణ ఉంటుంది, దానికీ ఒక గేటు ఉంటుంది. ఈ వారం అటువైపు వెళ్లినప్పుడు దానికి తాళం ఉందేమో చూడండి. ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. జెకర్యా చూసిన ఆ వీధిలాంటి ఆవరణను, ఆడుకునే బాలురు, బాలికలతో నిండిన ఆవరణను, ప్రభువు మన సంఘాలన్నిటికీ అనుగ్రహించును గాక!